మందుకీ జన్యువుకీ లింకు వెతికే స్టడీ: బెంగళూరులో టీమ్ కట్టి నడపడం ఎలా?

ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు, గొంతులో గొట్టం వేయడానికి వీలుగా కండరాలను వదులు చేసే మందు ఒకటుంది, సక్సినైల్‌కోలిన్. మామూలుగా ఐదు, పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. కొందరిలో మాత్రం గంటలు గడిచినా పేషెంట్ తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటర్ మీదే ఉంచాల్సి వస్తుంది. ఆ మందును విరిచేసే ఎంజైమ్ వాళ్ల రక్తంలో సరిగా లేకపోవడమే కారణం. తెలుగువాళ్లకి ఇది ఎక్కడో జరిగే సంగతేం కాదు. వైశ్య సమాజంలో ఈ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. కోయంబత్తూరులోని భారతియార్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికా, జర్మనీ సహచరులతో కలిసి, దీనికి మూలమైన మార్పును బీసీహెచ్ఈ అనే జన్యువులో గుర్తించి 2006లో ప్రచురించారు.

పేషెంట్ లేవడం లేదని ముందు చూసేది మత్తు డాక్టర్. ఎంజైమ్ ఎంతుందో కొలిచేది బయోకెమిస్ట్. జన్యువులో అక్షరం ఎక్కడ మారిందో చదివేవాళ్లు వేరు. రక్తం ఇచ్చి, మా ఇంట్లో ఇంకెవరికి ఉందో చూడండి అని అడగాల్సింది కుటుంబాలు. వీళ్లలో ఒక్కరు లేకపోయినా కథ సగంలో ఆగిపోతుంది. మందుల మీద జన్యువుల ప్రభావం గురించిన పనంతా ఇలాగే ఉంటుంది.

బెంగళూరులో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ఫార్మ్‌డీ అనే మందుల కోర్సు చదివి ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు, ఫార్మకాలజీ పీజీలు, ఎలక్ట్రానిక్ సిటీలో బయోఇన్ఫర్మేటిక్స్ (జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం) చదివినవాళ్లు, వైట్‌ఫీల్డ్‌లో కోడ్ రాస్తూ ఏదైనా పనికొచ్చే డేటా మీద పని చేయాలనుకునేవాళ్లు. అందరికీ ఆసక్తి ఉంది, ఎవరికీ రెండో వాళ్ల పని తెలియదు. అలాంటి నలుగురైదుగురు కలిసి చిన్న స్టడీ ఒకటి మొదటినుంచి చివరిదాకా నడపాలంటే ఏం చేయాలో చెప్తాను.

ముందు ప్రిస్క్రిప్షన్ చూడండి, జన్యువు తర్వాత

చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ఎక్సోమ్ సీక్వెన్సింగ్ (ప్రోటీన్లకు సంబంధించిన జన్యు భాగాలన్నీ ఒకేసారి చదవడం) చేయిద్దాం, ఏదో ఒకటి దొరక్కపోదు అంటారు. అలా మొదలైనవాటికి దారీతెన్నూ ఉండదు. ఒక మందు, ఒకటో రెండో జన్యువులు, కొలవగలిగే ఒక ఫలితం. ఇంతే ఎంచుకోండి.

ఎంచుకోవడానికి సరుకు బోలెడుంది, ముందు మందు, తర్వాత దానికి సంబంధించిన జన్యువు చెప్తాను. స్టెంట్ వేసినవాళ్లకిచ్చే క్లోపిడోగ్రెల్‌కి సీవైపీ2సీ19, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్‌కి టీపీఎంటీ, నుడ్ట్15, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్‌కి హెచ్ఎల్ఏ-బీ*15:02, టీబీ మందు ఐసోనియజిడ్‌కి నాట్2. ఏ జంటకి ఎంత ఆధారం ఉందో చెప్పే సీపిక్ అనే నిపుణుల బృందం గైడ్‌లైన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో బలమైన ఆధారం ఉన్న జంటనే మొదటి స్టడీకి తీసుకోండి.

నన్నడిగితే కొత్త టీమ్‌కి అసినోకుమరాల్ మంచిది. గుండెలో మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వేసుకునే మాత్ర. పాశ్చాత్య దేశాల పేపర్లు ఎక్కువగా వార్ఫరిన్ మీదే ఉంటాయి, మన ఓపీల్లో ఇది బాగా వాడకంలో ఉంది. దీని మోతాదును వీకేఓఆర్‌సీ1, సీవైపీ2సీ9 అనే రెండు జన్యువులు బాగా ప్రభావితం చేస్తాయని ఇప్పటికే తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి విజిట్‌లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె) ఎలాగూ చూస్తారు. మీకు కావలసిన ఫలితం పేషెంట్ ఫైల్లో ముందే ఉంటుంది, అదనపు ఖర్చు లేదు.

ఇంకో కారణం లెక్కల్లో ఉంది. క్లోపిడోగ్రెల్ తీసుకుని, స్టెంట్ మూసుకుపోవడాన్ని ఫలితంగా పెట్టుకున్నారనుకుందాం. మీకు దొరికేది 200 మంది. వాళ్లలో నూటికి ఐదుగురికి సమస్య వచ్చిందనుకున్నా మొత్తం 10 మంది. ప్రతి మనిషిలో జన్యువు రెండు కాపీలుంటుంది. మొత్తం కాపీల్లో లోపమున్నవి 35 శాతమనుకుంటే, రెండు కాపీలూ లోపమున్నవాళ్లు దాదాపు 24 మంది తేలతారు. ఆ 24 మందిలో సమస్య వచ్చినవాళ్లు ఇద్దరా, నలుగురా అన్న తేడాతో ఏం చెప్తారు? వారానికి ఎన్ని మిల్లీగ్రాముల మాత్ర పడుతోంది అన్నది అలా కాదు, ప్రతి మనిషి దగ్గరా ఒక అంకె వస్తుంది. అందుకే అదే 200 మందితో చెప్పుకోదగ్గ సమాధానం దొరుకుతుంది. ఈ లెక్క స్టాటిస్టీషియన్‌తో మొదటి రోజే వేయించుకోండి. డేటా అంతా పోగయ్యాక ఆయన దగ్గరికి పోతే ఓదార్పు తప్ప ఇంకేం దొరకదు.

మనుషుల్ని వెతకడం

బెంగళూరు ఈ విషయంలో అదృష్టవంతుల ఊరు. ఆస్పత్రులైతే కోరమంగల దగ్గర సెయింట్ జాన్స్, హొసూరు రోడ్డు మీద నిమ్హాన్స్, బన్నేరుఘట్ట రోడ్డు మీద గుండె జబ్బుల జయదేవ. పరిశోధన, చదువుల సంస్థలైతే ఉత్తరాన ఐఐఎస్‌సీ, జీకేవీకే క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్, ఎలక్ట్రానిక్ సిటీలో ఐబాబ్. పది వేల మంది భారతీయుల జన్యుపటాన్ని చదివిన జీనోమ్ఇండియా ప్రాజెక్టును నడిపించింది కూడా ఐఐఎస్‌సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. ఆ డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

కనీసం కావలసినవాళ్లు: పేషెంట్లను చూసే డాక్టర్, క్లినికల్ ఫార్మకాలజిస్ట్ లేదా ఫార్మ్‌డీ, ల్యాబ్ మనిషి, బయోఇన్ఫర్మేటిక్స్ మనిషి, స్టాటిస్టీషియన్. జెనెటిక్ కౌన్సెలర్ దొరికితే వదలొద్దు. ఫార్మ్‌డీ వాళ్లను ఫైళ్లు రాయడానికే వాడుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. అది తెలివితక్కువ పని. ఏ మాత్ర దేనితో కలిస్తే ఏమవుతుందో, పేషెంట్ నిజంగా ఎన్ని వేసుకుంటున్నాడో వాళ్లకు తెలిసినంతగా టీమ్‌లో ఇంకెవరికీ తెలియదు. నా అభిప్రాయంలో స్టడీకి నడిబొడ్డున ఉండాల్సింది వాళ్లే.

పెద్ద డాక్టర్‌ని కలవడానికి నలభై స్లైడ్లు పట్టుకెళ్లకండి. ఒక పేజీ చాలు. ప్రశ్న ఏమిటి, ఆయన ఓపీ నుంచి ఎంతమంది కావాలి, ఒక్కో పేషెంట్‌కి ఎన్ని నిమిషాలు పడుతుంది, ఆయన స్టాఫ్ మీద ఎంత భారం పడుతుంది. నాలుగో దానికి సూటిగా జవాబుంటే సగం పని అయినట్టే. ఇక మీటింగ్ ఓపీ అయ్యాక, ఆస్పత్రిలోనే పెట్టుకోండి. డాక్టర్‌ని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటించి ఎలక్ట్రానిక్ సిటీకి రమ్మంటే రెండో మీటింగ్ ఉండదు.

ఒకరికొకరు పాఠం చెప్పుకోవడం

శాంపిల్ తీసే ముందు కనీసం నెల రోజులు దీనికి కేటాయించండి. టైమ్ వేస్ట్ అనే గొణుగుడు వినిపిస్తుంది, పట్టించుకోకండి. ఈ నెల తప్పించుకున్న టీములు తర్వాత ఆరు నెలలు కొట్టుకుంటాయి.

జన్యుశాస్త్ర పరిచయం, గుండె జబ్బుల పరిచయం లాంటి లెక్చర్లు వద్దు. ప్రతివాళ్లూ తమ టేబుల్ మీది అసలు కాగితాన్ని పట్టుకొచ్చి గంటసేపు చూపించాలి. కోడ్ రాసే అబ్బాయి ఒక పూట ఐఎన్ఆర్ క్లినిక్‌లో డాక్టర్ పక్కన కూర్చోవాలి. అక్కడ అతనికి ఒక చీటీ కనిపిస్తుంది: అసినోకుమరాల్, 2/3, ఆల్టర్నేట్. అంటే ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మర్నాడు 3. వారానికి సగటున 17.5. ఆ పక్క పేషెంట్‌కి కూడా 2, 3 అనే రాసుంటుంది, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా 2, శని, ఆదివారాలు 3. వారానికి 16. ఎవరో ఇంటర్న్ ఈ 2/3 ని ఎక్సెల్‌లో అలాగే కొడితే, ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేసి కూర్చుంటుంది. ఎక్సెల్‌కి ఈ రోగం పాతదే. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తోందని, విసిగిపోయిన నామకరణ కమిటీ 2020లో ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చింది. క్లినిక్‌లో కూర్చున్న ఆ ఒక్క పూట వల్ల మీ ఫారమ్‌లో మోతాదు అనే గడి పోయి, సోమ నుంచి ఆదివారం దాకా ఏడు గడులు వస్తాయి.

ఇప్పుడు డాక్టర్ వంతు. ల్యాబ్ వాళ్లు వీకేఓఆర్‌సీ1 రిపోర్ట్ ఒకటి తెరిచి ఆయన ముందు పెట్టాలి. డాక్టర్ చదివిన పేపర్లలో ఆ మార్పు పేరు మైనస్ 1639, జీ బదులు ఏ. బయోఇన్ఫర్మేటిక్స్ ఫైల్లో అదే మార్పు ఆర్ఎస్9923231, సీ బదులు టీ. రెండూ కరెక్టే. డీఎన్‌ఏకి ఎదురెదురుగా రెండు పోగులుంటాయి. ఆ జన్యువు క్రోమోజోమ్ మీద వెనక పోగు వైపు నుంచి చదవబడుతుంది కాబట్టి జీకి ఎదురుగా సీ, ఏకి ఎదురుగా టీ కనిపిస్తాయి. అసలు ప్రమాదం ఎక్కడంటే, ఒకరు ఒక పోగు ప్రకారం, మరొకరు ఇంకో పోగు ప్రకారం రాసిన రెండు షీట్లను కలిపినప్పుడు. జీ, ఏ, సీ, టీ నాలుగూ ఒకే కాలమ్‌లో చేరతాయి. ఏ పోగు ప్రకారం రాయాలో ఒకేసారి తేల్చుకుని గోడ మీద అంటించండి.

సీవైపీ2సీ9 దగ్గర ఇంకో పాఠం ఉంది. దాని రూపాలను నక్షత్రం గుర్తు, ఒక అంకెతో రాస్తారు. రిపోర్ట్‌లో *1/*1 అని వస్తే డాక్టర్ నార్మల్ అనుకుంటారు. నిజానికి దాని అర్థం, మనం వెతికిన మార్పులేవీ దొరకలేదు, అంతే. *2, *3 మాత్రమే వెతికితే మిగతావేవీ చూడలేదన్నమాట. అందుకే రిపోర్ట్ కింద ఏవేవి వెతికామో ఒక లైన్ రాయించాలి. ఈ ఒక్క మాట డాక్టర్లకి అర్థమైతే చాలు, ల్యాబ్‌ని వాళ్లు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

అందరూ కలిసి పేపర్లు చదివే జర్నల్ క్లబ్‌కి మొదట 2013 చివర్లో ఒకేసారి వచ్చిన రెండు వార్ఫరిన్ ట్రయల్స్ పెట్టుకోండి, అమెరికా కోగ్, యూరప్ ఈయూ-పాక్ట్. జన్యువు చూసి మోతాదు ఇస్తే లాభముందని యూరప్‌ది చెప్పింది, లేదని అమెరికాది చెప్పింది. కోగ్‌లో నల్లజాతి పేషెంట్లకి జన్యువు చూసి ఇచ్చిన మోతాదు మామూలు పద్ధతికంటే అధ్వాన్నంగా పనిచేసింది. ఆ లెక్కలో ఆఫ్రికన్ మూలాలవాళ్లలో ఉండే ముఖ్యమైన మార్పులను చేర్చలేదు. ఎక్కడో తయారైన ఫార్ములాను అనంతపురం నుంచి వచ్చిన పేషెంట్‌కి అలాగే వేసేయకూడదని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే టీమ్‌లో అందరికీ తెలుస్తుంది.

ఒకరి పని ఇంకొకరు నేర్చేసుకోవాలని కాదు నేననేది. స్టాటిస్టీషియన్ ఐఎన్ఆర్ చూసి మాత్ర మార్చక్కర్లేదు. అవతలివాళ్ల కాగితం చూసి, ఇక్కడ ఏదో తేడాగా ఉందే అని అనగలిగితే చాలు.

ఒకే ఫారమ్, ఒకే అర్థం

పాఠాల నెల పూర్తయ్యేసరికి ఫారమ్ దానంతటదే సగం తయారవుతుంది. ప్రతి కాలమ్‌కీ అర్థం, యూనిట్, ఎవరు నింపాలి అన్నది ఒక షీట్‌లో రాయండి. స్టేబుల్ డోస్ అంటే ఏమిటో ముందే తేల్చండి. వరుసగా ఎన్ని విజిట్లలో ఐఎన్ఆర్ టార్గెట్‌లో ఉండాలి, ఆ టార్గెట్ మైట్రల్ వాల్వ్‌కి ఎంత, అయోర్టిక్‌కి ఎంత? ఇది డాక్టర్ చెప్పాలి, ఫార్మ్‌డీ రాయాలి, స్టాటిస్టీషియన్ ఒప్పుకోవాలి.

జన్యువుతో సంబంధం లేని గడులే ఎక్కువ ఉండాలి. వయసు, బరువు, వేసుకోవడం మర్చిపోయిన మాత్రలు. ఈ మధ్య ఫ్లుకొనజోల్, మెట్రోనిడజోల్ లాంటివి వాడారా? అవి సీవైపీ2సీ9 పనిని అడ్డుకుని ఐఎన్ఆర్‌ని పైకి తోస్తాయి. అమియోడరాన్ కూడా అంతే. ఆయుర్వేదం, నాటు మందులు కూడా అడగండి, గదమాయించినట్టు కాకుండా అడిగితేనే చెప్తారు. తిండి సంగతి మరీ ముఖ్యం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. రోజూ తోటకూర పప్పు తినే మనిషి, మునగాకు సీజన్‌లో వారం పాటు అదే తిన్న మనిషి, ఆకుకూర ముట్టని మనిషి ఒకే మోతాదులో ఉండరు. వారానికి ఎన్నిసార్లు అని అడిగే గడి పెట్టండి. డైటీషియన్ చేత ఒక్కసారి చూపించండి.

ఎథిక్స్ కమిటీ, ఆ తర్వాత పేషెంట్

రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చదివి అప్లై చేయండి. పేషెంట్లు ఒక సంస్థలో, ల్యాబ్ ఇంకో సంస్థలో ఉంటే రెండు చోట్లా అడగాల్సి రావచ్చు. విదేశీ సంస్థతో కలిసి చేస్తే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ దారిలో కూడా వెళ్లాలి. దీనికి నెలలు పడుతుంది, ప్లాన్‌లో ఆ నెలలు వేసుకోండి.

బెంగళూరు ఆస్పత్రుల్లో హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చే తెలుగు పేషెంట్లు చాలామంది. తెలుగు తెలిసిన టీమ్ మెంబర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. కన్నడ, ఇంగ్లిష్ ఫారాలు మాత్రమే పెట్టుకుని, అటెండర్ చేత ఏదో చెప్పించి సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి కాదు. తెలుగు ఫారమ్ తయారు చేసి, కమిటీ చేత ఒప్పించుకుని, కూర్చుని చెప్పండి:

"అమ్మా, మీరు వాల్వ్‌కి మాత్ర వేసుకుంటున్నారు కదా. అదే మాత్ర ఒకరికి కొంచెం సరిపోతుంది, ఇంకొకరికి ఎక్కువ కావాల్సొస్తుంది. అది పుట్టుకతో వచ్చిన గుణమేమో చూడ్డానికి అర చెంచాడు రక్తం అడుగుతున్నాం. ఇచ్చారని ఇవాళ మీ మందు మారదు. ఇవ్వనన్నా మీ వైద్యం ఆగదు, డాక్టర్ గారు ఏమీ అనుకోరు."

"మా ఆయన్ని అడిగి చెప్తా సార్" అంటే, "అడగండమ్మా, వచ్చే విజిట్‌కి చెప్పినా చాలు" అనాలి. నంబర్ తగ్గిపోతుందని టెన్షన్ పడి అక్కడికక్కడే ఒప్పించబోవద్దు.

ఊరు, మాతృభాష, మేనరికమా అనే ప్రశ్నలు అవసరమే. కులం అడగాలా వద్దా అన్నది కమిటీతో మాట్లాడి, మీ ప్రశ్నకి నిజంగా పనికొస్తేనే పెట్టండి. అడిగితే ఎందుకు అడుగుతున్నామో చెప్పండి. ఫలానా కులం వాళ్లకి ఈ లోపం ఉంది అనే వాక్యం పేపర్‌లో రాసేముందు, అది పెళ్లి సంబంధాల దాకా పాకుతుందేమో అని టీమ్‌లో ఒకరైనా ఆలోచించాలి.

పేర్లు, ఫోన్ నంబర్లు, కోడ్ నంబర్లు కలిసి ఉండే లిస్ట్ ఆస్పత్రి దాటకూడదు. విశ్లేషణ చేసేవాళ్ల చేతికి కోడ్ మాత్రమే వెళ్లాలి. ప్రిస్క్రిప్షన్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదటి రోజు నుంచే నిషేధించండి, ఎంత తొందరలో ఉన్నా సరే.

రక్తం, రోడ్డు

ఇది చిన్న భాగం. ఐఎన్ఆర్‌కి నీలి మూత ట్యూబ్, అది ఆస్పత్రి ల్యాబ్‌కే వెళ్తుంది, గీత దాకా నిండాలి. డీఎన్‌ఏకి ఊదా రంగు మూత ఈడీటీఏ ట్యూబ్. హెపారిన్ ట్యూబ్‌లో తీస్తే పీసీఆర్ (డీఎన్‌ఏని ఎక్కువ కాపీలు చేసే పద్ధతి) సరిగా నడవదు. ఈడీటీఏ రక్తం ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఆగుతుంది కాబట్టి, రోజూ ట్రాఫిక్‌లో బైక్ పంపకుండా వారానికి రెండు సార్లు ఐస్‌ప్యాక్ బాక్స్‌లో పంపితే చాలు. ఆ రెండు రోజులు ల్యాబ్ వాళ్లతో ముందే ఖాయం చేసుకోండి.

లెక్క తేల్చడం

డేటా చూడకముందే విశ్లేషణ ప్లాన్ రాసి, తేదీ వేసి, అందరూ సంతకాలు పెట్టండి. జన్యువు చదివేవాళ్లకి మోతాదు తెలియకూడదు, మోతాదు రాసేవాళ్లకి జన్యువు తెలియకూడదు.

మొదట వయసు, బరువు, ఇతర మందులతో మోతాదులో తేడాను ఎంతవరకు వివరించగలమో చూడండి. ఆ తర్వాత జన్యువులను చేర్చి, అదనంగా ఎంత తెలిసిందో చూడండి. జన్యువును ముందే పెడితే దానిది కాని గొప్ప దానికి వస్తుంది.

ఒక జన్యు రూపం రెండు కాపీలున్నవాళ్లు, ఒక కాపీ ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లు ఎందరెందరు ఉండాలో చెప్పే హార్డీ-వైన్‌బర్గ్ లెక్క తప్పితే పుస్తకం ప్రకారం ల్యాబ్ పొరపాటని అనుమానించాలి. మన దగ్గర ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. మేనరికాలు, కులంలోపలి పెళ్లిళ్ల వల్ల రెండు కాపీలూ ఒకేలా ఉన్నవాళ్లు లెక్క చెప్పినదానికంటే ఎక్కువ తేలతారు. ఒకే ఇంటి నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ స్టడీలో చేరి ఉండొచ్చు. ఫారమ్‌లో ఊరు, చుట్టరికం అడిగింది ఇందుకే. బయటి దేశాల్లో చదివిన బయోఇన్ఫర్మేటిక్స్ మనిషికి ఈ సంగతి టీమ్‌లోని రాయలసీమ ఫార్మ్‌డీ చెప్పాలి.

పేరు ఎవరిది, రిపోర్ట్ ఎవరికి

పేపర్‌లో పేర్ల వరుస రక్తం తీయకముందే తేల్చండి. పని చేయకుండా పేరు, పేరు లేకుండా పని, ఈ రెండూ టీముల్ని విడగొడతాయి. రెండు వందల మందితో కూర్చుని సమ్మతి తీసుకున్న ఫార్మ్‌డీ, డ్రాఫ్ట్‌లో కూడా చెయ్యి వేసే అవకాశం ఇస్తే, రచయితల్లో ఒకరవుతారు. కృతజ్ఞతల్లో ఒక లైన్ పడేసి సరిపెట్టకండి.

స్టడీలో వచ్చిన జన్యు ఫలితాన్ని చూసి ఎవరి మందూ మార్చకూడదు. పేషెంట్‌కి తిరిగి చెప్పాలని సమ్మతి పత్రంలో ఒప్పుకుని ఉంటే, ముందు ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో మళ్లీ టెస్ట్ చేయించి, అప్పుడు డాక్టర్ చేత చెప్పించండి. సీవైపీ2సీ9 లాంటి ఫలితం ఈ మాత్రకే పరిమితం కాదు, రేపు ఫిట్స్‌కి ఫెనిటాయిన్ రాసే డాక్టర్‌కి కూడా పనికొస్తుంది. కాబట్టి ఫైల్లో ఉండిపోయే పేజీ కాకుండా, పర్సులో పట్టే కార్డు మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసివ్వండి.

ఈ చిన్న స్టడీ అయ్యాక పెద్దది చేయాలనుకుంటే ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కాకుండా, హైదరాబాద్‌లో ఆఫీసున్న ఇండియా అలయన్స్ అనే సంస్థ కలిసి చేసే పనికిచ్చే గ్రాంట్లు కూడా చూడండి.  అప్లికేషన్‌తో పాటు, మీరు రాసుకున్న ఆ డేటా షీట్, తేదీ వేసిన విశ్లేషణ ప్లాన్ చూపించగలిగితే, ఈ టీమ్ ఇప్పటికే కలిసి పని చేస్తోందని వేరే చెప్పుకోవాల్సిన పని ఉండదు.